"అది" అంటే ఎవరు?

ఈ మధ్య నర్సింగ్ చదువుతున్న ఆడపిల్లలు కొందరు నన్ను చూడటానికి ఇంటికి వచ్చారు. మానసిక వైద్య విభాగంలో పోస్టింగ్ పడబోతోందట, ముఖాల్లో భయం కనబడుతూనే ఉంది. "మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన కేసు ఏది ఆంటీ?" అని అడిగారు. కత్తి పట్టుకుని వెంటపడ్డవాడి కథో, కిటికీ ఊచలు వంచి పారిపోయినవాడి కథో చెబుతానని ఎదురుచూశారు. అలాంటివి లేకపోలేదు. కానీ నన్ను ముప్పుతిప్పలు పెట్టిన కేసు చివరికి ఒక చేప దగ్గర తేలింది. ఆ సంగతి వాళ్లకు సగమే చెప్పగలిగాను, స్టవ్ మీద పప్పు మాడుతోంది మరి. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఈ ద్వీపంలోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. తెలుగు చక్కగా రాయడం రిటైరయ్యాకే కుదిరింది. అదీ మా వదిన పక్కన కూర్చుని దిద్దబట్టి. పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేరి, మానసిక వైద్య విభాగంలోనే జుట్టు నెరిపించుకున్నాను. ఊరి పేరు ఇప్పుడు మారింది, నా నోటికి మాత్రం పాతదే వస్తుంది.

ఆ రోజుల్లో మా విభాగంలో డాక్టరు బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాడు. బుద్ధిమంతుడు, పని రాక్షసుడు. తెలుగు ముక్క రాదు. నాకంటే పైన ఒక పెద్ద సిస్టర్ ఉండేది, వాళ్ల పెద్దలు రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆమె మాట తక్కువ, చూపు ఎక్కువ. నా వాగుడు చూసి రోజుకొకసారైనా నెత్తి కొట్టుకునేది.

ఒక సోమవారం పొద్దున్నే మా తెలుగు కుటుంబం ఒకటి వచ్చింది. తండ్రి ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రైవరు. డెలానీపూర్‌లో క్వార్టర్స్. తల్లి ఇంటిపట్టునే ఉంటుంది. వాళ్ల మధ్య పదకొండో తరగతి చదువుతున్న కూతురు, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని కూర్చుంది. బడి మానేసి చాలా రోజులైందట. పక్క క్వార్టరు వాళ్లంతా తన గురించే మాట్లాడుకుంటున్నారంటుందట. ఎవరూ లేనిచోట ఎవరికో జవాబు చెబుతుందట. ఇంట్లో నాన్నమ్మ గాలి సోకిందని తేల్చేసి తాయెత్తు కట్టించింది. తల్లి ఆ తాయెత్తును విప్పి చీర కొంగు కింద దాచిపెట్టుకుని మరీ తీసుకొచ్చింది, డాక్టరు తిడతాడని.

డాక్టరు తిట్టలేదు. చాలాసేపు మాట్లాడి, చూసి, ఇది స్కిజోఫ్రీనియా అని చెప్పాడు. మెదడుకు వచ్చే జబ్బు, ఎవరి తప్పూ కాదు, మందులు వాడాలి, ఓపిక కావాలి అన్నాడు. అదంతా తెలుగులో చెప్పే పని నాది. తండ్రి విన్నాడు. విని, "మా వల్ల ఏదైనా తప్పు జరిగిందా అక్కా?" అని అడిగాడు. లేదన్నాను. అప్పటికది నిజమే అనుకున్నాను, ఇప్పటికీ నిజమే.

మందులు మొదలయ్యాక వీధిలో గొంతులు తగ్గాయి. పక్క క్వార్టరు వాళ్ల గోలా తగ్గింది. కానీ ఇంట్లో మాత్రం పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. వంటింట్లో ఎవరైనా తెలుగులో మాట్లాడితే లేచి తలుపు వేసుకునేది. అడిగినదానికి హిందీలోనే జవాబు, అదీ ముక్తసరిగా. తల్లి చేతి అన్నం ముట్టేది కాదు, పక్కింటి బెంగాలీ ఆవిడ పెడితే తినేది. తల్లికి ప్రాణం పోయినట్టుండేది. "మన భాషంటేనే పడటంలేదు సిస్టర్. కన్నతల్లిని, నాతో హిందీలో మాట్లాడతంది" అని నా ముందు ఏడ్చింది.

మాకు తెలిసిన పాఠాలన్నీ ఆ కుటుంబానికి నేర్పాం. ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఒక్కో మాటే, నెమ్మదిగా చెప్పండి. ఆమెకు వినిపించే గొంతులు అబద్ధమని వాదించకండి, నిజమని ఒప్పుకోకండి, భయంగా ఉంటుంది కదా అని మాత్రం అనండి. పాపం, నేర్చుకున్నారు. పెద్దగా అరిచి మాట్లాడే అలవాటున్న ఆ తండ్రి, కూతురి ముందు కూర్చుంటే రేవులో ఓడ బయలుదేరేముందు మైకులో చెప్పినట్టు ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పేవాడు. "తల్లీ. నేను. ఆఫీసుకు. వెళ్తున్నాను." నవ్వాపుకోలేక నేను ఫైలు అడ్డం పెట్టుకునేదాన్ని. అయినా లాభం లేకపోయింది.

మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ పిల్లది ఒకటే మాట. "మమ్మీ లోగ్ ముఝే ఫేంక్ దేగా." అమ్మావాళ్లు నన్ను పారేస్తారు అని. తల్లి దేవుడి మీద ఒట్టేసింది, అలా ఎప్పుడూ అనలేదని. మేమూ పిల్లకు నచ్చజెప్పాం, ఇంట్లో ఎవరూ అనలేదమ్మా, జబ్బు అలా వినిపిస్తుంది అని. పిల్ల మా మొహాలు చూసి తల తిప్పుకునేది. డాక్టరు మందు మోతాదు పెంచాడు. పిల్ల పగలంతా మత్తుగా పడుకోసాగింది, మాట మాత్రం మారలేదు.

అప్పుడే తండ్రి ఒక్కడూ వచ్చి, బెంచీ మీద కూర్చుని, తల వంచుకుని చెప్పాడు. "ఓడ టికెట్ తీశానక్కా. వైజాగ్‌కి. మా అమ్మ తరపువాళ్ల ఊరికాడ ఒక స్వామి ఉన్నాడంట. అక్కడ ఉంచేస్తే మంచి చేస్తాడంట."

"ఉంచేస్తే అంటే?"

"గొలుసేసి ఉంచుతారంట. కొన్నాళ్లే. తరవాత ఇప్పేస్తారంట."

నాకు కోపం తన్నుకొచ్చింది. మీ కూతురేమైనా పెరట్లో గేదెనుకున్నావా అని గట్టిగానే అడిగేశాను. అతను నొచ్చుకోలేదు. "రోజూ దాని కళ్లలో నేను దొంగలాగ కనపడతన్నాను అక్కా. అది భరించలేకపోతన్నాను" అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. మన పనిలో చెడ్డవాళ్లకంటే అలసిపోయినవాళ్లే ఎక్కువ తగులుతారు.

డాక్టరుతో చెబితే, ఓడ తేదీ లోపల ఒకసారి ఇంటికి వెళ్లి చూసి రమ్మన్నాడు. బయలుదేరుతుంటే పెద్ద సిస్టర్ నా బ్యాగు పట్టుకుని ఆపింది. "అక్కడికి పోయి నువ్వు పాఠం చెప్పకు. నోరు మూసుకుని కూర్చో. ఆ ఇల్లు ఎలా మాట్లాడుకుంటుందో విను" అంది హిందీలో. నా జీవితంలో నాకెవరైనా ఇచ్చిన సలహాల్లో అంత మర్యాద లేనిదీ, అంత పనికొచ్చిందీ ఇంకొకటి లేదు.

వెళ్లాను. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. ముందు గదిలో పిల్ల, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. నేను నిజంగానే నోరు మూసుకున్నాను. వంటింట్లో అత్తాకోడళ్లు పనిలో ఉన్నారు. మధ్యలో తలుపు లేదు, పూసల తెర ఒకటి వేలాడుతోంది. ముందురోజు నుంచీ కరెంటు లేదు, ఫ్యానూ లేదు, వాళ్ల ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది.

నాన్నమ్మ గొంతు వినబడింది. "అది పాడైపోనాది కదే. కంపు కొట్టేస్తంది. ఇంకా ఇంట్లో ఎందుకెట్టుకున్నావు? అవతల పారెయ్యి."

తల్లి జవాబిచ్చింది. "ఇప్పుడెక్కడ పారేస్తాను అత్తా, వీధిలో అందరూ చూస్తారు. ఆయన వచ్చాక కవర్లో కట్టి దూరంగా పట్టుకెళ్లి పారేస్తార్లే."

"నిన్ననే దాన్ని తెగ్గోసేస్తే పీడా పోను."

నేనది విన్నాను, ఏమీ అనిపించలేదు. మన ఇళ్లలో రోజూ వినే మాటలే. అప్పుడు పిల్ల వైపు చూశాను. మొహంలో నెత్తుటి చుక్క లేదు. లేచి నిలబడింది. మేకుకు తగిలించిన చున్నీ తీసి భుజం మీద వేసుకుంది, చెప్పులు వెతుక్కుంటోంది. ఏమైందని హిందీలో అడిగాను.

"పాపా ఆయేగా తో ఫేంక్ దేగా. మమ్మీ అభీ బోలా. ఆప్ భీ సునా," అంది. నాన్న రాగానే పారేస్తాడట, అమ్మ ఇప్పుడే చెప్పింది, మీరూ విన్నారు.

నిజమే. నేనూ విన్నాను.

చదివేవాళ్లు తెలుగువాళ్లు కాబట్టి ఇంకా విడమరచి చెప్పక్కర్లేదేమో. వస్తువునీ అది అంటాం, ఇంట్లో ఆడపిల్లనీ చనువుగా అది అంటాం. పాడైపోయింది అన్నా, కంపు కొడుతోంది అన్నా, పిల్లకైనా పెరుగుకైనా ఒకటే మాట. మామూలు మనిషికి ఏది ఎవరో క్షణంలో తెలిసిపోతుంది, తెలిసిపోయిందన్న సంగతి కూడా తెలియదు. ఈ పిల్లకు ఆ జల్లెడ చెడిపోయింది. తనను గురించే లోకం మాట్లాడుకుంటోందని జబ్బు ముందే చెప్పి ఉంచింది. దానికి తగ్గట్టు వంటింట్లోంచి కన్నతల్లి గొంతుతోనే, మన తెలుగులోనే, పారెయ్యాలి, తెగ్గొయ్యాలి అని వినిపిస్తుంటే ఏ పిల్ల అన్నం తింటుంది? పైగా మేమంతా పెద్ద తెలిసినవాళ్లలాగా, ఎవరూ అనలేదు, అది జబ్బు అని చెబుతున్నాం. ఆమె చెవులు సరిగ్గానే విన్నాయి. అబద్ధమాడింది మేమని అనుకుంది, ఎందుకనుకోదు?

నేను ఆమె చెయ్యి పట్టుకుని పూసల తెర తీసి వంటింట్లోకి తీసుకెళ్లాను. "ఏం పారేద్దామంటున్నారు మీరిద్దరూ?" అని అడిగాను.

అత్తాకోడళ్లు బిత్తరపోయారు. తల్లి గిన్నె మూత తీసి చూపించింది. అందులో వంజరం. ఫ్రిజ్ ఆగిపోయి కుళ్లిపోయింది. ఆ వాసనకు నేనే ముక్కు మూసుకున్నాను.

"ఈ చేపనేనా పాడైందన్నది? పారేద్దామన్నది?"

"మరింకేటి?" అంది నాన్నమ్మ.

పిల్ల గిన్నెలోకి వంగి చూసింది. అమ్మ మొహం చూసింది. మళ్లీ చేపను చూసింది. హిందీలో అంది, "ఇస్కా నామ్ నహీ హై క్యా?" దీనికి పేరు లేదా అని.

తల్లికి అప్పుడు అర్థమైంది. గిన్నె పక్కన పెట్టి కిందనే కూలబడింది. ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. పిల్ల గోడకు ఆనుకుని, కొన్ని నెలలుగా లోపల దాచుకున్న మాటలు ఒక్కొక్కటీ బయట పెట్టింది. హిందీలో అడుగుతోంది, కానీ దాచుకున్న మాట మాత్రం తెలుగులోనే, ఎవరు ఎలా అన్నారో అలాగే చెబుతోంది. 'పాతదైపోయింది, ఎవడూ కొనడు' అని నాన్న అన్నాడు, ఎవర్ని? స్కూటరునమ్మా, అంది తల్లి. 'దాని నోరు ముయ్యి, చెవులు చిల్లులు పడతన్నాయి' అన్నావు. కుక్కర్నే తల్లీ, విజిల్ ఆగలేదు. 'దానికి ఎంత పోసినా దండగే.' ఆ మొక్కకమ్మా, మల్లె మొక్కకి, పూయట్లేదని.

పిల్ల ఇంకొకటి అడిగింది. "దాన్ని ఓడెక్కించేస్తే నా గుండెలమీద బరువు దిగతాది. యే కిస్కో బోలా?" ఇది ఎవర్ని అన్నారు అని.

తల్లి నా వైపు చూసింది. ఏదో ఒక సామాను పేరు చెప్పేస్తే గండం గడుస్తుంది కదా అన్నట్టు చూసింది. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది, ఏ మంచమో బీరువానో అనేస్తే పోయె అని. నాన్నమ్మ మాత్రం కత్తిపీట పక్కకు నెట్టి, మోకాళ్ల మీద చేతులూని లేచింది. మనవరాలి ముందుకొచ్చి నిలబడింది.

"అది నిన్నే అన్నాను" అంది. "ఆ ఒక్కటీ నిన్నే అన్నాను. నాను ముసల్దాన్ని, నువ్విలా అయిపోతే సూళ్లేక అన్నాను. తప్పే అన్నాను."

చదువులేని ఆ ముసలావిడ ఎంత గొప్ప పని చేసిందో ఆ తర్వాత డాక్టరుకు చెప్పాను. మిగతావన్నీ తన గురించి కాదని ఆ పిల్ల నమ్మిందంటే, ఈ ఒక్కటీ తన గురించేనని నాన్నమ్మ ఒప్పుకోబట్టే. ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అప్పుడు పెట్టలేదు, వాసన భరించలేక చేపను పారేసే పనిలో పడ్డాం. ఇప్పుడు పెడుతున్నాను.

పిల్ల ఆ రోజే తల్లి చేతి అన్నం తిందని రాస్తే కథ బాగుంటుంది. తినలేదు. చున్నీ మాత్రం తీసి మళ్లీ మేకుకు తగిలించింది.

సాయంత్రం తండ్రి వచ్చాక అందరితో కూర్చున్నాను. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ప్రతి వస్తువుకీ పేరు ఉండాలి అన్నాను. చేపను చేప అనాలి, గిన్నెను గిన్నె అనాలి. పిల్లతో మాట్లాడేటప్పుడు పేరు పెట్టి పిలిచి, నువ్వు అనాలి. ఆమె గురించి మాట్లాడుకోవాల్సి వస్తే ఆమె ముందే, ఆమెతోనే మాట్లాడాలి. పిల్లకు వేరే పాఠం చెప్పాను. 'అది' అని వినిపిస్తే నమ్మనక్కర్లేదు, భయపడనక్కర్లేదు, 'ఏది?' అని అడిగెయ్యి. ఆమె తల ఊపలేదు, కాదనలేదు. తండ్రి మాత్రం, "చూద్దాం అక్కా. ఓడ తేదీ దాకా చూస్తాను" అన్నాడు. టికెట్ గోడ మీద క్యాలెండరుకు పిన్ను పెట్టి ఉంది.

తర్వాత కొన్ని వారాలు ఆ ఇంటికి వెళ్తుంటే నాకు సినిమాకు వెళ్లినట్టుండేది. మనం మాట్లాడే మాటల్లో సగం అది, ఇది, దాన్ని, దీన్ని అనే సరుకే అని మీకు తెలుసా? ఒక పూట మానేసి చూడండి, నోట్లో నాలుక తిరగదు. నాన్నమ్మ "అదిలా తే" అనబోయి ఆగి, ఆ వస్తువు పేరు గుర్తురాక చెయ్యి గాల్లో తిప్పుతూ నిలబడిపోయేది. టీవీ రిమోటుకు టీవీ కర్ర అని పేరు పెట్టింది. ఫోను ఛార్జరు గోడ తోక అయింది. తండ్రి స్నేహితులతో ఫోనులో కూడా పేర్లు పెట్టి మాట్లాడుతున్నాడట, ఏం భయ్యా, కోర్టులో సాక్ష్యం చెబుతున్నావా అని వాళ్లు ఆటపట్టించారట. మా డాక్టరు ఇదంతా విని ముందు నమ్మలేదు, తర్వాత కుర్చీ వెనక్కి వాల్చి, ఇన్నాళ్లూ నేను వంటింటికి మందు రాశానన్నమాట అన్నాడు. మోతాదు జాగ్రత్తగా తగ్గిస్తూ వచ్చాడు. మందు ఆపలేదు. నర్సింగ్ చదివే పిల్లలూ, ఇది గట్టిగా చెబుతున్నాను, మాటలతోనే జబ్బు పోయిందని ఎవరికీ చెప్పకండి. గొంతులను తగ్గించింది మందే. మందు పనిచేయలేని చోట ఇంట్లోవాళ్ల నోళ్లు పనిచేశాయి.

పిల్ల మత్తు వదిలి లేచి తిరగసాగింది. ఒక రోజు తల్లి పెట్టిన ఉప్మా తింది. అయితే అడిగెయ్యమన్న ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. ఎవరైనా పొరపాటున 'అది' అంటే మొహం మాడ్చుకుని లేచి వెళ్లిపోయేది. మాట్లాడితే హిందీయే. క్యాలెండరు మీద టికెట్ అలాగే ఉంది, ఓడ తేదీ దగ్గర పడుతోంది. వెళ్లినప్పుడల్లా నా చూపు ముందు దాని మీదికే పోయేది.

ఓడ బయలుదేరే వారంలోనే వాళ్లు ఆసుపత్రికి వచ్చారు. తండ్రి, తల్లి, పిల్ల. డాక్టరు గదిలో పెద్ద సిస్టర్‌తో సహా అందరం ఉన్నాం. తండ్రి కుర్చీలో కూర్చోకుండా నిలబడే, నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"దాన్ని వద్దనుకున్నానక్కా. ఇంక దాన్తో నాకు పని లేదు. వదిలించేసుకున్నాను."

ఏం మాట్లాడాడో అతనికి తెలియలేదు, తల్లికీ పిల్లకూ నాకూ తెలిసింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల లేచింది. తలుపు వైపు ఒక అడుగు వేసింది. నేను పట్టుకోబోతే పెద్ద సిస్టర్ నా జబ్బ పట్టుకుని ఆపింది. ఒక్క ముక్క తెలుగు రాని మనిషి, ఏం కనిపెట్టిందో ఏమో. తలుపు దగ్గర పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది. గొంతు బొంగురుగా ఉంది, చాలా కాలంగా వాడని మాటలు కదా.

"దేన్ని నాన్నా?" అంది.

ఆయనకు అప్పుడు తెలిసింది తనేమన్నాడో. చొక్కా జేబులోంచి రద్దు చేసిన కాగితం తీశాడు. "టికెట్‌ని తల్లీ. ఓడ టికెట్‌ని. నువ్వు ఎక్కడికీ ఎల్లక్కర్లేదు, నువ్వు మన ఇంట్లోనే ఉంటావు" అన్నాడు. రెండు సార్లు నువ్వు అన్నాడు. తర్వాత ఆ పెద్ద మనిషి అక్కడే నిలబడి ఏడ్చాడు. పిల్ల వచ్చి కాగితం తీసుకుని చదివింది, నిజమా కాదా అని. చదివి ఆయన పక్కన నిలబడింది.

డాక్టరు మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. "టికెట్ రద్దు చేస్తే అందరూ ఎందుకు ఏడుస్తున్నారు సిస్టర్?" అని హిందీలో అడిగాడు. అప్పటికి నా కళ్లూ బాగోలేవు.

"టికెట్ కోసం కాదు సార్" అన్నాను. "అమ్మాయి అడిగింది."